యామారినవాడిదే తప్పా?

నిఘంటువుల్లో మోసానికి పర్యాయపదాలు చాలానే వున్నాయి. వంచన, కపటం, కైతవం, దగా, టక్కు, బూటకం, ద్రోహం. అమరకోశం నాటి నుంచి శబ్దరత్నాకరం (1885) దాకా పండితులు యిట్లాంటి మాటల్ని వొకదాని పక్కన వొకటి పేర్చుకుంటూ వచ్చారు. పేర్చిన మాటలన్నిటికీ అర్థం వొకటే అని మనకు బడిలో నేర్పారు. మేము దీన్ని వొప్పుకోవడం లేదు. యెవరు యెవర్ని చేసినప్పుడు యే మాట నోట్లోంచి వస్తుందో చూస్తేనే దాని అర్థం తెలుస్తుంది. వొకే పనిని పై కులం చేస్తే వొక మాట, కింది కులం చేస్తే యింకో మాట పలికే సమాజంలో పర్యాయపదాలనేవి పేరుకే పర్యాయపదాలు.

పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు మాలమాదిగ పల్లెల్లో యీ పుస్తకాల మాటలు తక్కువగా వినిపిస్తాయి. అక్కడి మాట 'యామారడం'. "వాడు యామార్చినాడు", "మేం యామారిపోతిమి" అంటారు. ఇది 'ఏమరు' అనే అచ్చ తెలుగు క్రియ. ఏమరుపాటు అంటే పరాకు, జాగ్రత్త తప్పడం. అవతలివాడికి పరాకు కలిగించి పని జరుపుకోవడం ఏమార్చడం. కుప్పం దాటి క్రిష్ణగిరి వైపు పోతే తమిళంలో 'ఏమారు' అనే మాట దాదాపు యిదే అర్థంలో వుంది. పుంగనూరు దాటి ములబాగిలు వైపు పోతే కన్నడంలో 'మోస' అంటారు. అదే 'మోసం' తమిళుల నోట్లో చెడ్డది, అధ్వానం అనే అర్థంలో తిరుగుతుంది. మూడు రాష్ట్రాల గట్ల మీద కూలికి తిరిగేవాళ్ళకు యీ తేడాలు యే పండితుడూ చెప్పనక్కరలేదు.

ఇక్కడ మేము పట్టించుకోవాల్సింది వ్యాకరణం. "మోసం చేసినాడు" అంటే చేసినవాడు ముందు నిలబడతాడు. "యామారినాడు" అంటే మోసపోయినవాడు ముందు నిలబడతాడు, వాడి పరాకే నేరంగా నిలబడుతుంది. చేసినవాడు ఆ వాక్యంలో కనిపించడు కూడా. అందుకే పంచాయితీలో పెద్దమనుషులు మనవాళ్ళను మొట్టమొదట అడిగే ప్రశ్న, "నువ్వెందుకు యామారితివి?" అని. యెదుటివాణ్ణి "నువ్వెందుకు యామార్చినావు?" అని అడగడం మాత్రం అరుదు.

ఇంకొక సంగతి వుంది. పాత వాడుకలో మోసం అంటే అపాయం కూడా. "ప్రాణానికి మోసం వచ్చింది" అనే మాట పెద్దవాళ్ళ నోట యిప్పటికీ వింటాం. చదువుకున్నవాళ్ళ తెలుగులో ఆ అర్థం అరిగిపోయి, మోసం తెలివితేటల వ్యవహారంగా మిగిలింది. సేద్యం చేసుకునే రెండెకరాలు పోయిన కుటుంబానికి మాత్రం మోసమూ ప్రాణాపాయమూ యిప్పటికీ వేరు కాలేదు.

మరి పైవాళ్ళు చేసినదానికి మాటలేవి? ఉపాయం, యుక్తి, లౌక్యం, చాతుర్యం, రాజనీతి. ఇవేవీ మోసానికి పర్యాయపదాలుగా నిఘంటువులకెక్కవు. మూడడుగులు అడిగి మూడు లోకాలు తీసుకున్నదాన్ని పురాణం మోసం అనదు, అవతారం అంటుంది. ఇచ్చినవాడి దానగుణాన్ని ఆకాశానికెత్తి, పోయిన రాజ్యం సంగతి మరిపిస్తుంది. జ్యోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసినప్పుడు యీ కథను బలి వైపు నిలబడి చదివాడు. యేకలవ్యుడి బొటనవేలు తీసుకోవడం గురుదక్షిణ అయింది. 'కన్యాశుల్కం' (1897) చూడండి. గిరీశాన్ని గురజాడ వెటకారం చేస్తే, తెలుగు పాఠకులు నూరేళ్ళకు పైగా ముద్దు చేశారు. గిరీశం మాటకారితనంతో వొక పాలేరు అదే పని చేసి వుంటే అతనికి లౌక్యుడనే పేరు వచ్చేదా?

అతనికి రాబోయే పేరు దొంగ. ఇది మేము వూహించి చెబుతున్నది కాదు. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. ఆ రోజుల సర్కారు కాగితాల్లో దొంగ యెరుకలు, దొంగ దాసరులు, దొంగ వొడ్డెలు అని జాతుల పేర్ల ముందే 'దొంగ' అనే మాట తగిలించారు. 1952లో చట్టం రద్దయినా ఆ మాటలు అధికారిక జాబితాల్లో అట్లాగే మిగిలాయి. తాకట్టు పత్రాన్ని అమ్మకం పత్రంగా మార్చే కులాల పేర్ల ముందు మాత్రం యే ప్రభుత్వమూ యే విశేషణమూ తగిలించలేదు.

మోసానికి తెలుగులో వున్న జాతీయాల్లో కొన్ని కూడా గుడిలోంచి వచ్చినవే. 'నామం పెట్టాడు', 'పంగనామం పెట్టాడు', 'శఠగోపం పెట్టాడు'. సంస్కృతంలో శఠుడు అంటేనే కపటి. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంతదాకా గుడి గడప తొక్కనివ్వని మనుషుల నెత్తిన, గుడి బయట మాత్రం తరతరాలుగా శఠగోపం పడుతూనే వుంది.

ఇదంతా మాటల ముచ్చట కాదు. పడమటి మండలాల్లో దళితుల చేతికి వచ్చిన భూమిలో చాలా భాగం డీకేటీ పట్టా భూమి. అప్పుకు కుదవ అని చెప్పి వేలిముద్ర వేయించుకుంటారు. కొన్నేళ్ళకు కాగితంలో అది అమ్మకంగా బయటపడుతుంది. వూరు మాత్రం "తాగి అమ్ముకున్నాడు" అంటుంది. 'అమ్ముకున్నాడు' అనే మాటలో నింద వుంది, 'కొన్నాడు' అనే మాటలో గౌరవం వుంది. నిజానికి 1977 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకమే చెల్లదు. పట్టాదారు తెలిసి యిచ్చాడా, యామారి యిచ్చాడా అనే ప్రశ్నే ఆ చట్టానికి అక్కరలేదు. కొన్నవాణ్ణి తొలగించి, భూమిని పట్టాదారుకో అతని వారసులకో తిరిగి యివ్వాలని ఆ చట్టం చెప్పింది. అయినా ఫిర్యాదుకు పోయినవాణ్ణి "నువ్వు సంతకం పెట్టినావు కదా?" అనే అడుగుతారు. చట్టం అడగని ప్రశ్నను కులం అడుగుతుంది.

2023లో తెచ్చిన సవరణతో, పట్టా యిచ్చి యిరవయ్యేళ్ళు నిండిన భూమిని అమ్ముకునే హక్కు వచ్చింది. హక్కు రావడం మంచిదేనని అనేవాళ్ళూ మనలో వున్నారు. వాళ్ళ వాదన తోసెయ్యదగింది కాదు. తన భూమి మీద తనకు లేని హక్కు పక్క రైతుకు యెందుకుండాలి? కానీ యీ సవరణతో 'యిష్టపూర్వకంగా అమ్మినాడు' అనే మాటకు మళ్ళీ ప్రాణం వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక, అట్లా విడుదలైన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. అదే సంవత్సరం జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. దోషి యెవరో తేల్చాల్సింది కోర్టులు. మేము చెప్పేది వొక్కటే. కాగితం కాలిపోయిన చోట మిగిలేది నోటిమాట. ఆ నోటిమాటలో 'యామారినాం' అని వుంటే మన కేసు మనమే సగం వొదులుకున్నట్టు.

అర్జీలు రాసేటప్పుడు యీ తేడా పనికొస్తుంది. మోసం అనగానే పోలీసుల మనసు ఫోర్‌ట్వంటీ మీదికి పోతుంది. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఆ 420వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షను వచ్చింది. నంబరు మారినా లెక్క పాతదే. నమ్మించినట్టూ, నమ్మినట్టూ మనమే రుజువు చేసుకోవాలి. అత్యాచారాల నిరోధక చట్టం (1989) దారి వేరు. దళితుల భూమిని అక్రమంగా ఆక్రమించడమో సాగు చేయడమో అక్కడ నేరం. భయపెట్టి వొప్పించడాన్నీ, భూమి రికార్డులు కల్పించడాన్నీ 2015 సవరణ 'అక్రమం' అనే మాట కిందికే తెచ్చింది. అందుచేత "నేను మోసపోయి సంతకం చేసితిని" అని మొదలుపెట్టే అర్జీ కన్నా, "ఫలానావాడు నా భూమిని ఆక్రమించినాడు, రికార్డు మార్చినాడు" అని మొదలుపెట్టే అర్జీకి బలం యెక్కువ. జరిగింది జరిగినట్టే రాయాలి. కానీ వాక్యానికి కర్త యెవరో ముందు రాయాలి.

విద్యార్థులకూ, టీచర్లకూ మా మనవి యిది. మీ మీ పల్లెల్లో మోసానికి యెన్ని మాటలున్నాయో సేకరించండి. మాట పక్కన అర్థం మాత్రమే రాసి వూరుకోవద్దు. అది యెవరు యెవర్ని అన్నారో, యే పంచాయితీలో అన్నారో, దాని వెనక యే సర్వే నంబరు పోయిందో కూడా రాయండి. అట్లాంటి నిఘంటువు మన దగ్గర యింకా లేదు. జిల్లాకు వొకటి చొప్పున తయారైనా, రేపు అర్జీ రాసే కార్యకర్తకు అది చేతిలో పనిముట్టు అవుతుంది.