బ్యాక్‌గ్రౌండ్‌లో తార్నాక లేదు

ఆదివారం పొద్దున ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్తే లాంగ్ లెన్సులు భుజాన వేసుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఎదురవుతారు. తార్నాక వైపు నుంచి నడిచొచ్చే నేనూ వాళ్లలో ఒకణ్ణి. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటాయి. ముక్కున తూనీగని కరుచుకున్న బీ ఈటర్, తేనెపిట్ట మెడ మీద ఊదా మెరుపు, నెమలి కంటి దగ్గర తెల్లటి చారలు. షార్ప్‌నెస్‌కీ, వెలుతురుకీ వంక పెట్టేదేం ఉండదు. నా పేచీ వేరే. అన్నిటి వెనకా ఒకటే తెర ఉంటుంది, అలికేసినట్టు నున్నటి ఆకుపచ్చ. అది ఉస్మానియా కావచ్చు, కవ్వాల్ కావచ్చు, కెన్యా కూడా కావచ్చు.

దీనికి సగం కారణం ఆప్టిక్స్. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. దానికి 600 ఎంఎం లెన్సు తగిలించి 10 మీటర్ల దూరంలో ఉన్న పిట్టని చూస్తే ఫ్రేములో అడ్డంగా పట్టేది 60 సెంటీమీటర్లు. అంటే రెండడుగుల ప్రపంచం. దూరంగా వెనక ఉన్నదంతా కరిగి రంగయిపోతుంది. మిగతా సగం మాత్రం మన అభిరుచే. పిట్ట కరెంటు తీగ మీద ఉంటే అది కొమ్మ మీదికి ఎప్పుడు పోతుందా అని కాచుకుంటారు. పోకపోతే లైట్‌రూమ్‌లో తీగని చెరిపేస్తారు. ‘క్లీన్ బ్యాక్‌గ్రౌండ్’ అన్నది ఈ సర్కిల్లో పెద్ద మెప్పు. ఇంతకీ అక్కడ మురికి ఏంటి?

అక్కడున్నది ఊరు. తార్నాక నుంచి అడిక్‌మెట్ వెళ్లే రోడ్డు క్యాంపస్ మధ్యలోంచే పోతుంది. ఒక అంచున ఎంఎంటీఎస్ పట్టాలు, ఇంకో అంచున మాణికేశ్వర్‌నగర్ ఇళ్లు. 1939లో మొదలైన ఆర్ట్స్ కాలేజీ రాతి కట్టడం సంగతి సరే, దాన్ని ఎవరూ బ్లర్ చెయ్యరు, అది పోస్ట్‌కార్డు. మిగతావన్నీ బ్లర్ అవుతాయి: హాస్టల్ గోడ, చెత్తకుప్ప, తార్నాక మెట్రో స్తంభాలు, వాటి మీద గుండ్రంగా తిరిగే గద్దలు. ఆ గద్దలకి మన చెత్తా, మాంసం కొట్లే ఆధారం. తీతువు గూడు కట్టదు, బయలు నేలమీద రాళ్లలో రాయిలా గుడ్లు పెడుతుంది. అంటే ఎవరూ చదును చెయ్యని, లాన్ పరచని నేల దానికి కావాలి. తీతువుని దగ్గరగా తీసిన ఫోటోలో ఎర్రటి కంటి అంచు దొరుకుతుంది. నేల దొరకదు.

పాలపిట్ట విషయంలో ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. మన రాష్ట్ర పక్షి కదా, దసరాకి కనబడితే శుభం కదా, అందుకని దాని ఫోటోలకి కొదవ లేదు. దాదాపు అన్నిట్లోనూ రెక్కలు విప్పి నీలంగా ఉంటుంది. కూర్చున్న పాలపిట్ట గోధుమరంగులో, కొంచెం విసుగ్గా ఉన్న గుమాస్తాలా ఉంటుంది (నాకైతే ఈ రూపమే ఇష్టం). అది ఎత్తైన చోట కూర్చుని, నేలమీద పురుగు కదిలితే దిగి పట్టుకునే పిట్ట. చెట్టు మోడు, కంచె గుంజ, కరెంటు తీగ, ఏదైనా దానికి ఆఫీసే. ఫోటోలోంచి తీగని చెరిపేస్తే దాని ఉద్యోగం ఊడబీకినట్టే. పిట్టని దాని చోటు నుంచి విడదీసి చూపించడం మనకి కొత్తేం కాదనుకోండి. దసరా రోజు పంజరంలో పాలపిట్టని తెచ్చి చూపించి డబ్బులు తీసుకోవడం ఇప్పటికీ ఉంది, చట్టం వద్దంటున్నా.

సలీం అలీ 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది తుపాకి. కాల్చి, చర్మం ఒలిచి భద్రపరిచేవారు. ఇవాళ వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ చచ్చిన పిట్ట కాలికి ఒక చీటీ ఉండేది: ఏ చోటు, ఏ తారీఖు. మనం పిట్టని చంపట్లేదు, మంచిదే. చీటీ మాత్రం పోగొట్టుకున్నాం. ఫైల్లో తారీఖూ, ఫోనుతో తీస్తే లొకేషనూ నమోదై ఉంటాయి నిజమే. ఫోటోని మామూలుగా వాట్సాప్‌లో పంపగానే ఆ మెటాడేటా రాలిపోతుంది. ఇక మిగిలేది ఫ్రేములో కనబడేదే.

ఇదేదో కళాభిరుచి గొడవ అని కొట్టిపారేసేవాళ్లకి 2025 మార్చి చివరి రోజులు గుర్తుచేస్తాను. నగరానికి అటు చివర, సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా అందరి ఫోన్ల నిండా జింకలూ నెమళ్లూ. వాటిల్లో నిజమైనవీ ఉన్నాయి, ఏఐతో గీసినవీ ఉన్నాయి. ఫేక్ బొమ్మలతో జనాన్ని తప్పుదోవ పట్టించారని ప్రభుత్వం వాదించింది. ఏళ్ల తరబడి అక్కడ తీసిన అందమైన నెమలి క్లోజప్పులు ఆ వాదన ముందు ఏం చెప్పగలవు? వెనక ఆకుపచ్చ తెర తప్ప ఏమీ లేని నెమలిని ఎక్కడిదని నిరూపిస్తారు? పైగా ఏఐ అచ్చం అలాంటి నెమలినే క్షణాల్లో గీసిస్తుంది, మన క్లీన్ బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలు చూసే నేర్చుకుంది కదా. నాకు గుర్తుండిపోయినవి మాత్రం చీకట్లో తీసిన ఊగిపోయే వీడియోలు. యంత్రాల లైట్లు, వాటి మోత, మోత వెనక నెమళ్ల అరుపులు. నెమలి సరిగ్గా కనబడదు కూడా. ఏ ఫోటో కాంపిటీషన్‌లోనూ మొదటి రౌండ్ దాటవు.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. గూడు ఎక్కడుందో తెలిసేలా ఫోటో పెడితే మర్నాడు పదిమంది ట్రైపాడ్లతో దిగుతారు. గుడ్లగూబ పిల్లల విషయంలో ఈ భయం న్యాయమైనదే. అయితే గూడుని దాచడానికి ఊరు మొత్తాన్నీ దాచక్కర్లేదు. ఏ చెట్టో చెప్పకండి. అది చెట్టనీ, దాని పక్కన గోడ ఉందనీ తెలియనివ్వండి.

మద్రాసులో ఉండి ఎం. కృష్ణన్ 1950 నుంచి 1996లో చనిపోయేదాకా ‘స్టేట్స్‌మన్’లో ‘కంట్రీ నోట్‌బుక్’ అనే కాలమ్ రాశారు. అడవి ఏనుగుల మీద అంత పనిచేసిన మనిషే ఇంటి చుట్టూ తిరిగే కాకుల గురించీ, ఉడుతల గురించీ అంతే శ్రద్ధగా రాశారు. తన నలుపు తెలుపు ఫోటోల్లో జంతువుతో పాటు అది నిలబడ్డ గడ్డి కూడా ఉంటుంది. ఆ శ్రద్ధ మన ఫోటోల్లో లేదనడం అన్యాయం. ఉంది, రెండడుగుల దగ్గర ఆగిపోతోంది. పేర్ల విషయంలోనూ అంతే. క్యాప్షన్లో లాటిన్ పేరు ఉంటుంది, తీతువు అన్న మాట ఉండదు.

ఈ ఏడాది చూసిన క్యాంపస్ ఫోటోల్లో నాకు బాగా నచ్చింది ఎవరో స్టూడెంట్ ఫోనుతో తీసింది. పార్క్ చేసిన యాక్టివాల మధ్యలోంచి ముంగిస దాటుతోంది. తోక మసక మసకగా ఉంది. వెనక గోడ మీద పరీక్షలు వాయిదా వెయ్యాలన్న పోస్టర్ మాత్రం అక్షరం అక్షరం చదవొచ్చు.