నీళ్లను లాక్కునే ఉప్పు

మందుల దుకాణంలో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మంటకు దూరంగా ఓ గాజు సీసాలో సగం దాకా పోసి, మెత్తటి ఉప్పు దండిగా వేసి, కుదిపి పక్కన పెట్టండి. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేలతాయి. పైన ఆల్కహాల్, కింద ఉప్పునీళ్లు. పొయ్యి లేదు, బట్టీ లేదు.

అదే పని సారాలో ఉండే ఇథనాల్‌తో చేయబోతే వంటింటి ఉప్పు చేతులెత్తేస్తుంది. ఆల్కహాల్ అణువులో ఒక కొస నీళ్లను పట్టుకుంటుంది, కార్బన్ల భాగానికి నీళ్లు గిట్టవు. ఐసోప్రొపైల్‌లో కార్బన్లు మూడు, ఇథనాల్‌లో రెండే. గిట్టని భాగం అంత చిన్నదైనప్పుడు దాన్ని నీళ్ల నుంచి వెళ్లగొట్టడానికి మరింత గట్టి ఉప్పు కావాలి. యూరప్‌లో మందులు నూరేవాళ్లకు అది ద్రాక్షసారా పీపాల్లోనే దొరికింది.

పీపాల లోగోడలకు అంటుకుని గట్టిపడే మడ్డి పేరు టార్టార్. దాన్ని బాగా కాల్చి, మిగిలిన బూడిదను నీళ్లలో తేర్చి ఎండబెడితే తెల్లటి పొడి వస్తుంది. వాళ్లు దాన్ని టార్టార్ ఉప్పు అనేవారు, మనకది పొటాషియం కార్బొనేట్. 100 మిల్లీలీటర్ల నీళ్లలో మామూలు ఉప్పు 36 గ్రాముల దగ్గర ఆగిపోతే, ఇది 110 గ్రాములు దాటి కరుగుతుంది. ఇథనాల్‌లో మాత్రం దాదాపు కరగదు. కొత్త చుట్టం ఇంటాయనను మాటల్లో పెట్టుకుంటే పాత చుట్టం వీధరుగు మీదకు చేరినట్టు, కార్బొనేట్ నీళ్లను చుట్టూ బిగించుకోగానే ఇథనాల్ విడివడి పైకి తేలుతుంది. ఏ ఉప్పుకు ఈ గుణం ఎంతుందో ప్రాగ్‌లో హోఫ్‌మైస్టర్ అనే శాస్త్రవేత్త 1888లో కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీన్లతో వరస కట్టి చూపించాడు. మందులవాళ్ల చేతులకు ఆ సంగతి అంతకు ఎంతో ముందే తెలుసు. సిద్ధాంతం రాకముందే పనితనం వచ్చేసిందంటే నాకు వింతగా తోచదు. రోజూ కుండతో పనిచేసేవాడికి కుండే చెబుతుంది.

వేడి దారి వేరు. ఇథనాల్ 78.4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీరు 100 దగ్గర మరుగుతాయి. 13వ శతాబ్దంలోనే బొలోన్యా వైద్యుడు తద్దేయో అల్దెరొత్తి ద్రాక్షసారాను మళ్లీ మళ్లీ బట్టీ పట్టి, ఆవిరిని మెలికల గొట్టంలో చల్లార్చే పద్ధతిని రాసిపెట్టాడు. ప్రతి విడతకూ సారా ఘాటెక్కుతుంది, కానీ బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఆవిరిలోనూ ద్రవంలోనూ పాళ్లు ఒక్కటే, రెండూ కలిసి 78.2 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇక ఎన్నిసార్లు కాచినా అంతే. రసాయనవేత్తలు దాన్ని అజియోట్రోప్ అంటారు.

చలిదీ ఒక దారే. అమెరికాలో పాతకాలం రైతులు పులిసిన ఆపిల్ రసాన్ని చలికాలం బయట పెట్టి, గడ్డకట్టిన నీళ్లను తీసేసేవారు. మిగిలిన ఘాటు సారాను ఆపిల్‌జాక్ అనేవారు. కానీ −20 డిగ్రీల చలిలోనూ ఆల్కహాల్ పాలు మూడో వంతుకు అటూ ఇటూ దాకానే వస్తుంది. పైగా చలి మిథనాల్ విషాన్ని వేరుచేయదు, చిక్కబరుస్తుంది. ఉప్పుకూ మిథనాల్ సులువుగా లొంగదు. కాబట్టి ఇదేదీ తాగే సారాను శుద్ధి చేసే చిట్కా కాదు.

ఉప్పునూ వేడినీ జతచేసినవాడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన మందుల తయారీదారు యోహాన్ తోబియాస్ లోవిట్స్. 1796లో, అప్పటికే కాచి ఘాటెక్కించిన సారాలో నీటి తడి లేని క్షారాన్ని దండిగా కలిపి, సన్నని వేడి మీద మెల్లగా బట్టీ పట్టాడు. నీళ్లు క్షారానికి చిక్కి అడుగున ఉండిపోయాయి, ఇథనాల్ ఒక్కటే ఆవిరై వచ్చింది. నీటిచుక్క లేని ఆల్కహాల్ అలా చేతికందింది.

1902లో సిడ్నీ యంగ్ బెంజీన్ కలిపి అదే ఫలితం రాబట్టాడు. 1930లలో జర్మనీలో పొటాషియం, సోడియం ఎసిటేట్ల మిశ్రమంతో పారిశ్రామికంగా ఆల్కహాల్ ఆరబెట్టారు. ఉప్పు ఆవిరి కాదు గనక సరుకులో కలవదు, అది దాని సుగుణం. ఇనుమును తినేయడం, గొట్టాల్లో పేరుకోవడం దాని దుర్గుణం. బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకూ పొడి ఇథనాలే కావాలి, నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. ఇప్పుడా పని చేసేది మాలిక్యులర్ సీవ్ అనే గుళికలు. వాటి రంధ్రాలు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు, నీటి అణువు దూరుతుంది, ఇథనాల్ దూరదు.

ఉప్పు చేసే ఈ పని చూడటానికి ఆల్కహాలే అక్కర్లేదు. మన డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు ఫినాల్–నీళ్ల ప్రాక్టికల్‌ను మరిచిపోయి ఉండరు. సుమారు 66 డిగ్రీలు దాటితే రెండూ ఏ పాళ్లలోనైనా కలిసిపోతాయి, చల్లారితే తెల్లగా మసకేసి విడిపోతాయి. అందులో కాస్త ఉప్పు వేస్తే అవి కలవడానికి ఇంకా ఎక్కువ వేడి కావాల్సి వస్తుంది. ఉప్పు పాళ్లను బట్టి ఆ ఉష్ణోగ్రత ఎలా పెరిగిందో గ్రాఫ్ గీస్తారు. లెక్చరర్ ఇచ్చిన ద్రావణంలో ఉప్పెంతుందో ఆ గీత నుంచే చెప్పాలి.