1964 ఓటు: పార్టీ పేరు చెప్పని లెక్క

అమెరికాలో ఎన్నికల ఏడాది వచ్చిందంటే తెలుగువారి విందుల్లో రెండు వాదాలు తప్పక వినిపిస్తాయి. బానిసత్వాన్ని కాపాడింది డెమొక్రాటిక్ పార్టీ, రద్దు చేసింది లింకన్ నాయకత్వంలోని రిపబ్లికన్ పార్టీ, 1964 పౌరహక్కుల చట్టాన్ని ఎక్కువ శాతం సమర్థించిందీ రిపబ్లికన్లే అన్నది మొదటి వాదం. అదంతా గతమనీ, 1964లో రెండు పార్టీలూ స్థానాలు మార్చుకున్నాయనీ రెండవ వాదం. మొదటి వాదంలో అంకెలు నిజం, వాటి నుంచి తీసిన నిర్ణయం తప్పు. రెండవ వాదంలో దిశ సరైనదే, తేదీ సరికాదు. పార్టీ పేరు వద్దే ఆగిపోవడం రెండింటిలోనూ ఉన్న లోపం.

ముందుగా అంకెలు. 1964 ఫిబ్రవరి 10న ప్రతినిధుల సభ ఈ బిల్లును 290–130 ఓట్లతో ఆమోదించింది. ఓటు వేసిన 172 మంది రిపబ్లికన్లలో 138 మంది, అంటే 80 శాతం, సమర్థించారు. 248 మంది డెమొక్రాట్లలో సమర్థించినవారు 152 మంది, 61 శాతం. ఇక్కడితో ఆగితే మొదటి వాదమే గెలుస్తుంది.

అయితే వైద్య పరిశోధనతో పరిచయం ఉన్నవారెవరూ ఇక్కడ ఆగరు. వ్యాధి ముదిరిన రోగులను ఎక్కువగా చేర్చుకునే ఆసుపత్రిలో మరణాల శాతం ఎక్కువగానే కనబడుతుంది. తీవ్రతను బట్టి రోగులను విడదీసి చూస్తే, ఆ ఆసుపత్రే మెరుగైనదని తేలవచ్చు. గణాంకశాస్త్రంలో దీనిని సింప్సన్ విరోధాభాస అంటారు. అంతర్యుద్ధంలో విడిపోయిన 11 దక్షిణాది రాష్ట్రాలను, తక్కిన రాష్ట్రాలను వేరుచేసి ఇదే ఓటును లెక్కిద్దాం. దక్షిణాది వెలుపల డెమొక్రాట్లలో 154కు 145 మంది (94 శాతం), రిపబ్లికన్లలో 162కు 138 మంది (85 శాతం) సమర్థించారు. దక్షిణాదిన డెమొక్రాట్లలో 94కు 7గురు సమర్థించగా, రిపబ్లికన్లు 10 మందిలో ఒక్కరూ సమర్థించలేదు. రెండు ప్రాంతాల్లోనూ డెమొక్రాట్ల శాతమే ఎక్కువ. కలిపితే మాత్రం తక్కువ. ఆ ఓటును నిర్ణయించింది పార్టీ కంటే ప్రాంతమే.

దక్షిణాదిన అంతమంది డెమొక్రాట్లు ఎందుకున్నారు? 1877లో కేంద్ర సైన్యం దక్షిణాది రాజకీయాల నుంచి తప్పుకున్నాక, నల్లవారి ఓటును హింసతోనూ, తర్వాత చట్టంతోనూ అణచివేశారు. 1890 నాటి మిసిసిపీ రాజ్యాంగం ఓటుపన్ను, అక్షరాస్యత పరీక్షలతో అందుకు దారి చూపింది. ఆ పునాది మీద నిలిచిన ఏకపార్టీ వ్యవస్థ, ఉత్తరాది నగరాల కార్మిక సంఘాలతో ఒకే గొడుగు కింద కాపురం చేసింది. ఆ కాపురానికి మూల్యం ఉంది. 1935 సాంఘిక భద్రతా చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్ళలో పనిచేసేవారిని మినహాయించింది. నల్లవారిలో అధికులు చేసే పనులవే. మినహాయింపుకు కారణాలపై చరిత్రకారుల మధ్య చర్చ ఉంది. ఎవరు నష్టపోయారన్నది స్పష్టం. అయినా 1936లో ఉత్తరాది నల్లజాతి ఓటర్లు రూజ్వెల్టు వైపు మొగ్గారు.

కనుక మార్పు 1964కు ముందే మొదలైంది. 1948లో ట్రూమన్ పౌరహక్కుల వైపు అడుగువేయగానే, స్ట్రామ్ థర్మండ్ వేరు కుంపటి పెట్టి నాలుగు దక్షిణాది రాష్ట్రాలు గెలిచాడు. 1964లో ఆయన రిపబ్లికన్ అయ్యాడు. అదే ఏడాది, చట్టాన్ని వ్యతిరేకించిన బారీ గోల్డ్‌వాటర్ సొంత రాష్ట్రం అరిజోనాతో పాటు మరో ఐదు రాష్ట్రాలే గెలిచాడు. ఆ ఐదూ దక్షిణాదివే. కాని అందరూ ఒక్కసారి మారలేదు. ఆ బిల్లుకు అడ్డుపడుతూ 14 గంటలకు పైగా ప్రసంగించిన రాబర్ట్ బర్డ్, 2010లో మరణించేదాకా డెమొక్రాటే. తన పాత వైఖరికి తర్వాత పశ్చాత్తాపం ప్రకటించాడు. ప్రతినిధుల సభలో దక్షిణాది స్థానాల్లో రిపబ్లికన్లకు ఆధిక్యం వచ్చింది 1994 ఎన్నికల్లో. మతం, పన్నులు, శివారు పట్టణాల పెరుగుదల కూడా ఈ మార్పులో పాలుపంచుకున్నాయి. వాటిని కాదనకుండానే, తొలి పగులు జాతి సమస్య మీద ఏర్పడిందని చెప్పవచ్చు.

దక్షిణాది వెలుపల అంతా పుణ్యభూమి అనుకోవడమూ పొరపాటే. నేనుంటున్న బాతెల్ నుంచి ఉత్తరాన గంటన్నర ప్రయాణం లోపే ఉంది బెల్లింగమ్. 1907 సెప్టెంబరు 4న అక్కడి కలప మిల్లుల్లో పనిచేసే భారతీయులను, ముఖ్యంగా పంజాబీలను, తెల్లజాతి గుంపులు కొట్టి ఊరి నుంచి తరిమేశాయి. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో, భారతీయులు చట్టం చెప్పే 'తెల్లవారు' కారంటూ సుప్రీంకోర్టు పౌరసత్వాన్ని నిరాకరించింది. ఆ తలుపు కొద్దిగా తెరిచిన 1946 చట్టం ఒక రిపబ్లికన్, ఒక డెమొక్రాట్ పేర్లు మోస్తుంది: క్లేర్ బూత్ లూస్, ఇమాన్యుయెల్ సెల్లర్. ఏడాదికి వందమంది భారతీయులకు అది ప్రవేశం కల్పించింది.

ఆ సెల్లరే 1964లో పౌరహక్కుల బిల్లును ప్రతినిధుల సభలో నడిపించాడు. 1965లో జాతీయ మూలాల కోటాలను రద్దుచేసిన వలస చట్టానికీ, ఫిలిప్ హార్ట్‌తో పాటు, ఆయన పేరే ఉంది. నావంటి తెలుగు వైద్యులు వేల సంఖ్యలో ఇక్కడికి రాగలిగింది ఆ చట్టం వేసిన దారినే. చర్మం రంగును బట్టి పౌరుణ్ణి కొలవరాదన్న పోరాటం దేశంలో గెలవకుండా, అదే కొలతను సరిహద్దు దగ్గర తీసేసి ఉండేవారా అన్నది అనుమానమే. ఆ పోరాటంలో దెబ్బలు తిన్నది మనం కాదు.

అందుచేత మన విందుల్లో ఎవరైనా పార్టీల శాతాలు వల్లిస్తే, అవి ఏ రాష్ట్రాల ఓట్లో అడగాలి. ఒక పార్టీ 1860లో ఎవరిది అన్నదాని కంటే, ఈనాడు ఎవరి ఓటు పోతుందని అది భయపడుతోంది, ఎవరి ఓటు పడకుండా చూస్తోంది అన్నవే దాని స్వభావాన్ని ఎక్కువగా చెబుతాయి. రెండు పార్టీలనూ ఈ ప్రశ్నలే అడగాలి.