జొన్నలోని పనితనం

నందికొట్కూరు పల్లెల్లో జొన్న రొట్టె తట్టే ఆడవాళ్ల చేతుల్ని దగ్గరగా చూడాలి. పిండిలో చన్నీళ్లు కాదు, కాగిన ఎసరు పోస్తారు. వేడి ఆరకముందే అరచేత్తో అదిమి అదిమి పిసుకుతారు. గోధుమపిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ జొన్నలో లేదు. జొన్నలోని మాంసకృత్తులు పిండిని పట్టి ఉంచలేవు. ఆ భారం స్టార్చ్ మోస్తుంది. దాదాపు 70 డిగ్రీల వేడికి దాని రేణువులు నీళ్లు పీల్చి, ఉబ్బి, జిగురెక్కుతాయి. రొట్టె అంచు చిట్లకుండా పల్చగా రావడం ఆ జిగురు చలవే. ఏ పదార్థంతో ఏ పని చేయించుకోవాలో ఆ చేతులకు ఎంత బాగా తెలుసు!

వంద గ్రాముల జొన్నల్లో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థాలు, 10 గ్రాములు మాంసకృత్తులు, 2 గ్రాములు కొవ్వు. మాంసకృత్తుల్లో నత్రజని తప్పక ఉంటుంది. కొవ్వుల్లో ఆక్సిజన్ బాగా తక్కువ. పిండిపదార్థాల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ సాధారణంగా నీటిలో ఉన్నట్టే రెండుకొకటి. అయితే ఈ లెక్కనొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎసిటిక్ ఆమ్లం లెక్కకు సరిపోతుంది, కానీ పిండిపదార్థం కాదు. డీఎన్ఏలోని డీఆక్సీరైబోజు లెక్క తప్పుతుంది, అయినా చక్కెరే.

నాకు అన్నిటికన్నా అబ్బురం జొన్నమొక్క చేసే అతుకు. గ్లూకోజు ఒంటి చక్కెర. దానికి ఫ్రక్టోజు జత కలిస్తే దంటు రసంలో తీపినిచ్చే సుక్రోజు. గ్లూకోజులే వేలకొద్దీ గొలుసుకడితే, అతుకు ఒక తీరున పడినచోట గింజలోని స్టార్చ్: మెలితిరిగి, కొమ్మలు వేసి, విప్పుకోవడానికి అనువుగా ఉంటుంది. ఒక గ్లూకోజు విడిచి ఒకటి తిరగబడి అతుక్కున్నచోట సెల్యులోజ్: గొలుసులు తిన్నగా సాగి, పక్కపక్కన బిగుసుకుని దంటును నిలబెడతాయి. సరుకు ఒకటే, అతుకే వేరు. మొదటి అతుకును మన లాలాజలమే తెంచగలదు. రెండోది మన పేగులకు లొంగదు. ఎద్దు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విప్పుతాయి. అందుకే గింజ మనకు, చొప్ప గొడ్లకు. చక్కెరల వర్గీకరణలో ఇంతకన్నా తేటైన పాఠం నేను చూడలేదు.

సైన్సు చెప్పే అయ్యవార్లకు ఒక మనవి. చల్లని నీళ్లలో కలిపిన జొన్నపిండి మీద ఒక చుక్క, మన చేలల్లో పండే పత్తి మీద ఒక చుక్క అయోడిన్ వేసి పిల్లలకు చూపించండి. పిండి నల్లని నీలమవుతుంది. పత్తి దాదాపు అంతా సెల్యులోజే కాబట్టి దానిమీద అయోడిన్ పసుపుడాగే మిగులుతుంది.