ఇంటి కరెంటు తీగలో ఇంటర్నెట్టు: గుణదోష విచారణ

ఇంటికి ఇంటర్నెట్టు కనెక్షను ఒకచోటికి వచ్చును. అది కావలసినది మరియొకచోట. వీధివైపు గదిలో రూటరు ఉండును. మేడమీది గదిలో పిల్లవాడు చదువుకొనుచుండును. నడుమ కాంక్రీటు స్లాబు, దానిలో ఇనుప కమ్ములు. రూటరు పంపు రేడియో తరంగములు ఆ స్లాబును దాటునప్పటికి మిక్కిలి క్షీణించును. గోడలు తొలిచి కొత్త తీగ లాగుటకు ఇంటివారికి మనసొప్పదు. అప్పుడు అంగడివారు ఒక ఉపాయము చెప్పుదురు: “గోడలో కరెంటు తీగ ఉండనే ఉన్నది కదా, ఇంటర్నెట్టును కూడ దానిలోనే పంపవచ్చును.” ఇందుకు రెండు చిన్న పరికరములు చాలును. ఒకదానిని రూటరు ప్రక్కనున్న ప్లగ్గులోను, రెండవదానిని మేడమీది ప్లగ్గులోను పెట్టవలెను. వీనిని పవర్‌లైన్ అడాప్టరులు అందురు. అట్టపెట్టెమీద 500 అనియో, 1200 అనియో ఒక సంఖ్య పెద్దగా అచ్చువేసి ఉండును.

ఈ ఉపాయము బూటకము కాదు. అట్లని పెట్టెమీది సంఖ్యను నమ్మి డబ్బు వెచ్చించుటయు వివేకము కాదు. ఇల్లయినను, పాఠశాలయైనను కొనుటకు ముందు దీని గుణదోషములను శాస్త్రదృష్టితో పరిశీలింపవలెను.

మొదట సూత్రమును గ్రహింపవలెను. భారతదేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము. దాని పౌనఃపున్యము 50 హెర్ట్జ్. అడాప్టరు పంపు సంకేతముల పౌనఃపున్యమో, సాధారణముగా 2 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు, అనగా 20 లక్షల నుండి 3 కోట్ల హెర్ట్జ్ వరకు ఉండును. రెండును ఒకే తీగలో కలిసి పోవుచున్నను, వానిని వేరుచేయుటకు ప్రధానముగా ఒక చిన్న కెపాసిటరు చాలును. ఏకాంతర ప్రవాహమునకు కెపాసిటరు కలిగించు అడ్డును ప్రతిరోధము అందురు. పౌనఃపున్యము హెచ్చినకొలది ఇది తగ్గును. 10 నానోఫారడ్ల కెపాసిటరుకు 50 హెర్ట్జ్ వద్ద ప్రతిరోధము సుమారు 3,18,000 ఓములు. 10 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 1.6 ఓములు మాత్రమే. ఇంటి కరెంటుకు అది మూసిన తలుపు. సంకేతమునకు తెరచిన తలుపు. ఈ లెక్కను భౌతికశాస్త్ర విద్యార్థులు స్వయముగా చేసి చూడవచ్చును.

కరెంటు తీగపై మాటలను పంపుట కొత్త సంగతియు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోని పెద్ద సబ్‌స్టేషన్లకు పోయినవారు, హై వోల్టేజి లైను లోపలికి వచ్చుచోట పీపావంటి పెద్ద తీగచుట్టను చూచియే ఉందురు. దానిని వేవ్ ట్రాప్ అందురు. ఒక సబ్‌స్టేషను నుండి మరియొకదానికి టెలిఫోను సంభాషణలను, రక్షణ సంకేతములను ఆ లైనుమీదనే పంపు పద్ధతి చిరకాలముగా ఉన్నది. నేడు ఆ పనిని క్రమముగా కాంతితంతువులు చేపట్టుచున్నవి. సంకేతము దారి తప్పి ఇతర యంత్రములలోనికి పోకుండ లైనుకు రెండు కొనలయందును ఈ తీగచుట్టలు కావలి కాయును. ఆ ఇంజనీర్లు సంకేతమునకు దారిని ముందుగా సిద్ధముచేసి, పిదప దానిని పంపిరి. ఇంటి తీగలో అట్టి కావలి ఏదియు లేదు. కష్టములన్నియు ఇక్కడనే ఆరంభమగుచున్నవి.

50 హెర్ట్జ్ తరంగమునకు శూన్యములో తరంగదైర్ఘ్యము 6,000 కిలోమీటర్లు. దానితో పోల్చిన ఇంటి తీగ యావత్తు ఒక చుక్కతో సమానము. ఎన్ని కొమ్మలున్నను ఆ ప్రవాహమునకు లెక్కలేదు. 30 మెగాహెర్ట్జ్ తరంగమునకో, తరంగదైర్ఘ్యము 10 మీటర్లే. తీగలో అది ఇంకను తగ్గును. కావున గదిగదికి చీలిన ప్రతి కొమ్మయు, ఏ దీపమును లేని ప్రతి ఖాళీ ప్లగ్గును ఈ సంకేతమునకు ఒక మలుపే. ప్రతి మలుపు వద్దను కొంత భాగము వెనుకకు మరలును. మరలిన తరంగము, వచ్చు తరంగముతో వ్యతికరణము చెంది కొన్ని పౌనఃపున్యములను దాదాపు చంపివేయును. తీగ మంచిదే, కాని అది దీపము వెలిగించుటకు వేసిన తీగ.

దీనికి తోడు రొద. ఫోను ఛార్జర్లు, ఎల్‌ఇడి దీపములు, ఫ్యాను రెగ్యులేటర్లు, మిక్సీల మోటార్లు తీగలోనికి అనవసర సంకేతములను వదలుచుండును. వంటగదిలో పచ్చడి రుబ్బునంతసేపు మేడమీద పాఠము ఆగి ఆగి వచ్చినచో ఆశ్చర్యపడనక్కరలేదు. స్పైక్ బస్టరు అను రక్షణ బోర్డులలోని వడపోత వలయము సంకేతమును కూడ రొదగా భావించి అణచును. త్రీ ఫేజ్ ఇండ్లలో రెండు ప్లగ్గులు వేర్వేరు ఫేజులపై ఉన్నచో సంకేతము మరింత క్షీణించును.

ఇన్ని విఘ్నములను ఎదుర్కొనుటలో ఇంజనీర్లు చూపిన నేర్పును మెచ్చుకొనక తప్పదు. 2000లో కొన్ని సంస్థలు కలిసి హోమ్‌ప్లగ్ సంఘమును ఏర్పరచినవి. 2001లో వెలువడిన తొలి ప్రమాణపు వేగము సెకనుకు 14 మెగాబిట్లు; 2005 నాటి హోమ్‌ప్లగ్ ఏవీ ప్రమాణమున అది 200 మెగాబిట్లు. ఈ రెండవ పద్ధతిలో సమాచారమును ఒకే వాహక తరంగముపై పంపరు. 1,155 సన్నని వాహకములకు పంచుటకు వీలుండును. ఏ వాహకము చక్కగా చేరుచున్నదో పరికరములు పరీక్షించుకొని, దానిపై ఎక్కువ భారమును, చెడినదానిపై తక్కువ భారమును వేయును. విద్యుత్తు ఆవృత్తితోపాటు రొద హెచ్చుతగ్గులు చెందుటనుకూడ ఇవి లెక్కలోనికి తీసికొనును.

ఇక పెట్టెమీది సంఖ్య. తీగలో అనుకూల పరిస్థితులలో పోగల మొత్తము బిట్ల లెక్క అది. తప్పులు దిద్దుటకు, వంతులు నిర్ణయించుటకు అగు వ్యయము దానినుండి పోవలెను. పోవు సమాచారము, వచ్చు సమాచారము రెండును ఆ ఒక్క దారినే పంచుకొనవలెను. అంతకన్న వింత మరియొకటి కలదు. 500 అని వ్రాసి అమ్మిన అడాప్టరులలో అనేకమునకు, కంప్యూటరును తగిలించు ద్వారము సెకనుకు 100 మెగాబిట్లకు మించి పోనీయదు. తూము సన్నమైనప్పుడు చెరువు ఎంత నిండినను పొలమునకు చేరు నీరు తూమునుబట్టియే ఉండును. అట్టిచోట 500 అను సంఖ్య అసత్యము కాకపోవచ్చును. కాని కొనువారికి కావలసిన సత్యము మాత్రము అది కాదు. ఇదియే ఈ పరికరములపై మోపదగిన ప్రధానాక్షేపణ.

రెండవ ఆక్షేపణ ఇల్లు దాటి లోకమునకు సంబంధించినది. 3 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు గల భాగమునే షార్ట్‌వేవ్ అందురు. ఇంటి తీగకు తొడుగు కవచము లేదు కనుక అది కొంత ఏంటెన్నావలె పనిచేసి ఆ తరంగములను వెలుపలకు విడుచును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున పోర్టు బ్లెయిరుకు వెళ్లియున్న బృందము ఈ షార్ట్‌వేవ్ ద్వారానే అండమాను వార్తలను బయటి ప్రపంచమునకు అందించినది. అట్టి ఆకాశమార్గమును రొదతో నింపుట సామాన్యమైన దోషము కాదు. హోమ్‌ప్లగ్ ప్రమాణకర్తలు అమెచ్యూర్ రేడియో పట్టీలలో పడు వాహకములను విడిచిపెట్టిరి. అందుచేతనే అమెరికాలో 1,155 వాహకములకుగాను 917 మాత్రమే వాడుకలోనికి వచ్చినవి. ఇది ప్రశంసింపదగిన జాగ్రత్త.

ఈ జాగ్రత్త ఎందుకు కావలసివచ్చినదో తెలిసికొనుటకు ఇంటి వెలుపలి ప్రయోగములు చాలును. ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతమున వీధి కరెంటు తీగలద్వారానే ఇంటింటికి ఇంటర్నెట్టు అందింతుమని 1997లో ప్రకటించిరి. వీధి దీపస్తంభములు ఏంటెన్నాలవలె తరంగములను వెదజల్లుచున్నవన్న ఆక్షేపణలు లేచినవి. 1999లో ఆ ప్రయత్నము ఆగిపోయినది. అమెరికాలోని మనాసస్ నగరమున 2005లో ఊరంతటికి ఆరంభించిన ఇట్టి సేవను 2010లో విరమించిరి. ఇంటిలోపలి అడాప్టరు పరిధి చిన్నది కనుక అది నిలిచినది. ఊరంతటికి వ్యాపింపజూచిన పద్ధతి నిలువలేదు.

గోప్యత మాట కూడ చెప్పవలెను. సంకేతము ఇంటి మీటరువద్ద ఆగునను నియమము లేదు. ప్రక్క వాటాలోనికి పోవచ్చును. సమాచారమును గూఢలిపిలోనికి మార్చు ఏర్పాటు పరికరములోనే ఉన్నను, కర్మాగారమున పెట్టిన తొలి తాళపుచెవి అనేక పరికరములకు ఒకటే. కావున అడాప్టరుపైని జతపరచు మీటను నొక్కి సొంత తాళమును ఏర్పరచుకొనుట మరువరాదు.

కొనదలచినవారు చేయదగిన పరీక్ష సులభమైనది. తిరిగి ఇచ్చుటకు వీలున్నచోట కొని, అడాప్టరులను నేరుగా గోడ ప్లగ్గులలోనే పెట్టవలెను. ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి పెద్ద ఫైలు పంపి కాలమును గుర్తింపవలెను. 600 మెగాబైట్ల ఫైలు 80 సెకనులలో చేరినచో, బైటుకు 8 బిట్లు కనుక, 4,800ను 80చే భాగింపగా సెకనుకు 60 మెగాబిట్లు వచ్చును. మిక్సీ, మోటారు తిరుగుచుండగా ఇదే పరీక్షను మరల చేయవలెను. ఇంటికి వచ్చు కనెక్షను వేగమునకు ఆ ఫలితము దగ్గరగా ఉన్నచో కొన్నది సార్థకము. పాఠశాలలో విద్యార్థులచేత దీనిని చేయించినచో, ప్రకటనను కొలతతో సరిచూచు అలవాటు వారికి అబ్బును.

తుదకు తేలునది ఇది. కొత్త తీగ లాగ వీలున్నచోట 100 మీటర్ల వరకు మామూలు ఈథర్నెట్టు కేబులే ఉత్తమము. అది వీలుకానిచోట, రేడియో తరంగము స్లాబును దాటలేనిచోట, కరెంటు తీగ నమ్మదగిన రెండవ మార్గము. తీగ ముందే ఉన్నదన్న మాట నిజమే. కాని ఉన్న తీగ తగిన తీగ అగునో కాదో తేల్చునది పెట్టెమీది సంఖ్య కాదు, బల్లమీద చేసిన కొలత.