డైగ్లాట్ చదవడం నేర్చుకుందాం

“సార్, డైగ్లాట్‌లో మా జేజినాయన పేరుందేమో చూడండి.” గాండ్లపెంట వైపు భూమి తగాదా వచ్చిందంటే రైతు నోట ఈ మాట వస్తుంది.

డైగ్లాట్ ఇంగ్లీషువాళ్లు దాదాపు మరిచిపోయిన మాట. గ్రీకు మూలంలో రెండు నాలుకలని అర్థం. రెండు భాషల్లో పక్కపక్కనే అచ్చయిన బైబిలును ఒకప్పుడు అలా పిలిచేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో ఉండే సెటిల్‌మెంటు రిజిస్టరుకూ ఆ పేరే వచ్చింది. ప్రెసిడెన్సీ పోయింది. గాండ్లపెంట ఉన్న కదిరి తాలూకా 1910లో కడప నుంచి అనంతపురానికి మారింది, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. మాట మాత్రం ఇక్కడ నిలబడింది.

డైగ్లాట్‌ను ఎడమ నుంచి కుడికి, ఒక్క గడీ కూడా వదలకుండా చదవాలి. సర్వే నంబరు, పాత నంబరు, సర్కారుదా ఇనామా, మెట్టా మాగాణా పోరంబోకా, నీటి ఆధారం, భూమి తరగతిని చెప్పే తరం, ఎకరాకు శిస్తు, విస్తీర్ణం, చివరికి పట్టాదారు పేరు. అందరి కళ్లూ ముందు పేరు మీదికే పోతాయి. కానీ అసలు సంగతి పక్క గడుల్లో ఉంటుంది. పోరంబోకు అని రాసివుంటే ఒక కథ, శిస్తు విధించిన బంజరు అని ఉంటే ఇంకో కథ.

కొన్నిచోట్ల పేరు ఉండాల్సిన చోట చుక్కలే ఉంటాయి. ఆ చుక్కల వల్ల సాగులో ఉన్న రైతు కూడా అమ్ముకోలేక, అప్పు పుట్టక నలిగిపోయాడు. 2017లో చుక్కల భూముల కోసమే ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. రాసిన గుమాస్తాకు అది ఖాళీని నింపే గుర్తు. దున్నేవాడికి మాత్రం తరాలపాటు తీరని చిక్కు.

రిజిస్టరులో సగం తెలుగే. అయినా మనవాళ్లు దాన్ని ఇంకొకరి చేత చదివించుకుంటున్నారు. ఇది నాకు బాధ కలిగిస్తుంది. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వస్తున్నాయి. కొత్తదాంట్లో తప్పు పడితే పాతదానితో పోల్చి చూపాలి. అందుకే పదో తరగతి పిల్లలకు తమ ఊరి డైగ్లాట్ పుట ఒకటి ముందుపెట్టి, గడి గడీ చదవడం నేర్పాలి. ఇంట్లో ఒక్కరికి ఆ చదువు వచ్చినా, ఆ ఇంటి పొలం గురించి ఎవరేం చెప్పినా తలూపాల్సిన అవసరం ఉండదు.