బ్యాటరీ నిర్దోషేనా?

హూ కిల్డ్ ది ఎలక్ట్రిక్ కార్? (డాక్యుమెంటరీ చిత్రం, 2006). దర్శకుడు: క్రిస్ పేన్

కారుకు అంత్యక్రియలు చేయడం ఎక్కడైనా విన్నామా? 2003లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక శ్మశానవాటికలో కొందరు ఆ పనే చేశారు. ఈ చిత్రం ఆ దృశ్యంతోనే మొదలవుతుంది. ‘చనిపోయినది’ జనరల్ మోటార్స్ వారి విద్యుత్ కారు ఇ.వి.1.

కథ క్లుప్తంగా ఇది. పెద్ద కంపెనీలు 1998 నాటికి అమ్మే కార్లలో 2 శాతమైనా పొగ వదలనివి ఉండాలని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి 1990లో నియమం పెట్టింది. 1996–99 మధ్య 1,117 ఇ.వి.1 కార్లు తయారయ్యాయి. వాటిని అమ్మలేదు, అద్దెకే ఇచ్చారు. కంపెనీల ఒత్తిడితో నియమం సడలింది. కార్లను వెనక్కు తీసుకుని, చాలావాటిని నుగ్గు చేశారు.

చిత్రం దీన్ని హత్య కేసుగా విచారిస్తుంది. ముద్దాయిలు ఏడుగురు: వినియోగదారులు, చమురు కంపెనీలు, కార్ల కంపెనీలు, ప్రభుత్వం, వాయు వనరుల మండలి, హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్, బ్యాటరీ. ఆరుగురికి శిక్ష పడుతుంది. బ్యాటరీ ఒక్కటే నిర్దోషిగా బయటపడుతుంది.

సైన్సు విద్యార్థి ఆగి ఆలోచించవలసింది ఇక్కడే. మొదటి ఇ.వి.1లోని సీసపు బ్యాటరీల బరువు 500 కిలోలకు పైగా, అంటే కారు బరువులో మూడో వంతు కన్న ఎక్కువ. వాటిలో నిలవ ఉండే శక్తి సుమారు 16.5 కిలోవాట్ గంటలు. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది. అంటే అంత బరువు మోసి కారు వెంట తీసుకెళ్లేది రెండు లీటర్ల పెట్రోలుకు సరిపడా శక్తి కూడా కాదు!

అయితే లెక్క ఇక్కడితో ముగియదు. పెట్రోలు ఇంజను ఇంధన శక్తిలో నాలుగో వంతో, అయిదో వంతో మాత్రమే చక్రాలకు అందిస్తుంది. మిగిలినది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారు 80 శాతానికి పైగా అందిస్తుంది. కనుక ఆ బ్యాటరీ ఆరేడు లీటర్ల పెట్రోలు చేసే పని చేయగలదు. 1999లో వచ్చిన నికెల్ బ్యాటరీలతో దూరం ఇంకా పెరిగింది. రోజువారీ ప్రయాణాలకు ఇది చాలునన్న చిత్రం వాదన సబబే. కాని ఒకే కారు కొనుక్కోగలిగిన కుటుంబం దూరప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. గంటల తరబడి చార్జింగుకు ఆగాలంటే వెనుకాడుతుంది. బ్యాటరీ హంతకుడు కాకపోవచ్చు, తోడుదొంగ మాత్రం అవును.

పోలికకు చిత్రంలో తగినంత చోటు దక్కలేదు. డీజిలు ఇంజను గాలిని మరింత గట్టిగా నొక్కుతుంది కనుక అదే దూరానికి తక్కువ ఇంధనం తాగుతుంది. దానికి మసి, నైట్రోజన్ ఆక్సైడుల బెడద ఉంది. 1997 చివర జపాన్‌లో విడుదలైన హైబ్రిడ్ కారు టయోటా ప్రియస్, బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని చిన్న బ్యాటరీలోకి తిరిగి పట్టింది. బ్యాటరీ బరువు సమస్యను అది తెలివిగా తప్పించుకుంది.

దర్శకుడు స్వయంగా ఇ.వి.1 నడిపినవారు. ఆ మమకారమే చిత్రానికి బలం, బలహీనత కూడా. ప్రయోగశాలలో నెగ్గిన యంత్రం బజారులో ఎలా ఓడిపోగలదో ఇంత సూటిగా చెప్పిన చిత్రాలు అరుదు. కాని తరువాతి చరిత్ర చూడండి. కిలోకు 30 వాట్ గంటలిచ్చే సీసం స్థానంలో 150–250 ఇచ్చే లిథియం అయాన్ ఘటాలు వచ్చాకే విద్యుత్ కారు మళ్లీ లేచి నిలబడింది. ఆ ఘటాల రూపకర్తలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ కూడా దక్కింది. బ్యాటరీ నిజంగా నిర్దోషే అయితే, అది మారాకే కారుకు ప్రాణం ఎందుకు వచ్చినట్టు?

చిత్రం తప్పక చూడండి. చూసేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి.